ఒక గీత వదిలి

మనవరాలు పెన్సిల్ చెక్కితే వచ్చే చెక్క వాసనకి నాకు మా వీధి అరుగు గుర్తొస్తుంది. ఒకప్పుడు ఆదివారం పొద్దున్నే ఆ అరుగు నిండా పిల్లలు చేరి పెన్సిళ్ళు చెక్కేవారు. ఆ పొట్టంతా ఊడ్చుకునేది నేనే. వాళ్ళ మధ్య చాప మీద సుభద్ర టీచరుగారు కూర్చునేవారు. నరసాపురం దగ్గర మా ఊరి హైస్కూల్లో తెలుగు చెప్పడానికి వచ్చి, మా ఇంటి ముందు వాటాలో కొన్నేళ్ళు అద్దెకున్నారు. ఈమధ్యే ఆవిడ పోయారు. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు ఒక పుస్తకం వేస్తున్నారట, మీరూ రాయండి మామ్మగారూ అన్నారు. మూడో తరగతితో బడి మానేసినదాన్నే అయినా, నావల్ల కాదనలేదు. ఎలా రాయాలో ఆవిడే నేర్పి వెళ్ళారు.

ఆవిడ పిల్లల చేత వ్యాసాలు రాయించే తీరు మొదట్లో నాకు బొత్తిగా నచ్చలేదు. రాయబోయేది ముందు పక్కవాళ్ళకి నోటితో చెప్పాలి. తర్వాత చిత్తు రాయాలి, అదీ ఒక గీత వదిలి ఒక గీత. రాసింది పై ఆదివారం దాకా పక్కన పెట్టి, అప్పుడు పైకి చదువుకుని, వదిలిన గీతల్లో మార్పులు రాసుకోవాలి. అక్షరదోషాల జోలికి ఆ తర్వాతే వెళ్ళాలి. అన్నీ అయ్యాకే సాపు. నేను గుమ్మంలో లేసు అల్లుకుంటూ అంతా చూసేదాన్ని. సగం కాగితం ఖాళీగా పోతుంటే ప్రాణం ఉసూరుమనేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

“ఏంటి టీచరుగారూ, మొదటిసారే సరిగ్గా రాయడం నేర్పకూడదా అండీ?”

“నిన్న మీరు అల్లిన లేసంతా ఎందుకు విప్పేశారండీ మామ్మగారూ?”

“అల్లిక బిగిసిపోయింది. విప్పిన దారం మళ్ళీ పనికొస్తుంది. మీరు కొట్టేసిన కాగితం దేనికి పనికొస్తుందండీ, పకోడీలు కట్టడానికా?”

పిల్లలు పకపకా నవ్వారు. ఆవిడ అదీ నిజమేనన్నారు. మరుసటి వారం నుంచి చిత్తులన్నీ పాత క్యాలెండరు కాగితాల వెనక గీతలు గీయించి రాయించారు. ఇంటింటికీ తిరిగి ఆ కాగితాలు పోగుచేసే పని నా నెత్తినే పడింది.

అలా విని విని ఆవిడ అడిగే ప్రశ్న నాకు కంఠతా వచ్చేసింది. ఒక పిల్ల తన తల్లి మీద రాసింది. అమ్మ దేవత, అమ్మ ప్రేమకు సాటి లేదు అని పేజీ నిండా ఉంది. టీచరుగారు అంతా విని, ఇందులో మీ అమ్మ ఎక్కడుందమ్మా అని అడిగారు. ఆ పిల్ల చాలాసేపు పెన్సిల్ కొరుక్కుంటూ కూర్చుని, వదిలిన గీతలో ఒక్క మాట చేర్చింది. మా అమ్మ చేపల పులుసు మూత తీసి చూడదు, ఉడికే చప్పుడు వింటుంది అని. నా చేతిలో లేసు సూది ఆగిపోయింది.

కొన్నాళ్ళకి ఆ ప్రశ్న నాకే ఎదురైంది. పంచాయతీ ఆఫీసు వెనక రేకుల షెడ్డులో మేం ఆడవాళ్ళం కూర్చుని లేసు అల్లేవాళ్ళం. దాన్ని ఎరువుల బస్తాలకి ఇచ్చేస్తారని తెలిసింది. గ్రామసభలో మాట్లాడటానికి, నోరున్నదాన్నని అందరూ నన్నే ముందుకి తోశారు. తడబడకుండా చదివేయొచ్చని ముందే రాసి పెట్టుకున్నాను. ఒక్క కాగితం, రెండు వైపులా, అంచులు కూడా వదలకుండా. సర్పంచి మొదలు గుమాస్తా దాకా అందరినీ కడిగిపారేశాను. టీచరుగారు నా చేత పైకి చదివించారు.

“దిద్దడానికి చోటే ఉంచలేదు కదండీ” అని నవ్వి, “ఇందులో షెడ్డు ఎక్కడుందండీ మామ్మగారూ?” అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మాత్రం ఆ కాగితం పక్కన పెట్టి, షెడ్డు పోతే ఏమవుతుందో ముందు నోటితో చెప్పమన్నారు. ఎవరిళ్ళలో వాళ్ళు అల్లుకుంటారన్నాను. అల్లుకుంటే ఏమవుతుందని అడిగారు. ఎటు తిప్పినా మళ్ళీ అక్కడికే వచ్చి ఆగుతున్నారు.

“నాకు చూపు ఆనడం లేదమ్మా” అన్నాను చివరికి. “మధ్యలో పువ్వు పడుచువాళ్ళు అల్లి ఇస్తే, చుట్టూ అంచు తడుముకుంటూ అల్లుతున్నాను. నాలాంటివాళ్ళు అక్కడ ఇంకా ఉన్నారు. ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుంటే నా చేతికి పనుండదు.”

ఆవిడ క్యాలెండరు కాగితం నా ముందుకి జరిపి, ఇదే రాయండి, ఒక గీత వదిలి, అన్నారు. నా చూపు సంగతి కోడలికి కూడా చెప్పలేదు, ఊరందరి ముందూ ఎలా చదవను అన్నాను. అందుకేనండి పక్కన పెట్టడం, నాలుగు రోజులాగి చూసుకోండి, వద్దనుకుంటే కొట్టేయండి అన్నారు. ఆ నాలుగు రోజులూ ఆ కాగితం బియ్యం డబ్బా మీదే ఉంది. వండుకునేటప్పుడల్లా కనిపించేది. రాస్తూ మళ్ళీ దూర్చిన తిట్లన్నీ కొట్టేశాను. చూపు సంగతి మాత్రం కొట్టేయలేకపోయాను.

సభలో అదే చదివాను. చదివానంటాను గానీ, అప్పటికి నోటికే వచ్చేసింది. సర్పంచి తల వంచుకుని విన్నాడు. వాళ్ళమ్మ కూడా మాతో అంచులు అల్లే మనిషే. షెడ్డు మాకే ఉంచారు. వానాకాలం ఒక మూల బస్తాలు పెట్టుకుంటామంటే సరేనన్నాం. ఆ ఎరువు వాసన మధ్యే ఇప్పటికీ అల్లుకుంటున్నాం. తర్వాత టీచరుగారికి పిఠాపురం వైపు బదిలీ అయింది. వెళ్ళేముందు అరుగు తనే ఊడ్చి వెళ్ళారు.

ఇది కూడా క్యాలెండరు కాగితాల వెనకే రాశాను. ముందు మనవరాలికి నోటితో చెప్పాను. రాసి పక్కన పెట్టాను. తర్వాత మనవరాలు పైకి చదువుతుంటే విని దిద్దించాను. వదిలిన గీతలు చాలావరకు నిండాయి. అడుగున కొన్ని మిగిలితే, ఇక్కడ ఇంకేమైనా రాయనా మామ్మా అని అడిగింది. వద్దు, ఆ చోటు అలాగే ఉండనీ అన్నాను. ఆవిడ ఉంటే ఇంకా ఏదో ఒకటి అడిగేవారు.