మూతి వెనక్కి పెట్టిన కారు

నేను ఏడో తరగతితో బడి మానేశాను, చదువు మానలేదు. కడప జిల్లాలో మా తాలూకా గ్రంథాలయంలో ఉన్న తెలుగు పుస్తకాలన్నీ ఒక చివర నుంచి పట్టుకుని చదివాను. నవలలు అయిపోయాక విజ్ఞాన శాస్త్రం బీరువా మొదలుపెట్టాను. అందులో అట్ట చిరిగిన పుస్తకం ఒకటి తులాదండం గురించి చెప్పింది. ఆలంబనకు ఒక వైపు బరువు పెరిగితే రెండో వైపు లేస్తుందట. బండిలో శనక్కాయల మూటలు వెనక ఎక్కువైతే ఎద్దుల మెడ మీది కాడి పైకి లేచి గొంతు పలుపు బిగుసుకోవడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. కళ్లతో చూసినదానికి పుస్తకంలో కారణం దొరికిన రోజు నేను పొందిన ఆనందం ఏ పట్టా పుచ్చుకున్నవాడూ పొంది ఉండడు.

కువైట్‌లో నా పని కార్లు మోయడం. షువైఖ్‌లో మా కఫీల్‌కు, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమానికి, ఒక షెడ్డు ఉండేది. డబ్బున్నవాళ్లు తమ పాత అపురూపమైన కార్లను అక్కడ దాచుకునేవారు. వాటిని ఎండా దుమ్మూ తగలకుండా ఇంటికో, పడవ ఎక్కించడానికో చేర్చాలి. అందుకు వెనక నాలుగు చక్రాలున్న డీజిల్ పికప్ ఒకటి, దానికి తగిలించే నాలుగు వైపులా మూసిన ట్రైలర్ ఒకటి ఉండేవి. ఆ ట్రైలర్‌ను మేం పెట్టె అనేవాళ్లం. కారును మూతి ముందుకు పెట్టి ఎక్కించాలి. ఇంజను బరువు పెట్టె చక్రాలకు కాస్త ముందుగా పడి, పికప్ వెనక హుక్కును కిందికి నొక్కుతూ ఉండాలి. అప్పుడే పెట్టె బుద్ధిగా వెంట వస్తుంది.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. కఫీల్ అప్పటికే కుటుంబంతో సౌదీకి దాటాడు. మా పాస్‌పోర్టులు ఎక్కడ పెట్టాడో చెప్పలేదు. షెడ్డులో మిగిలింది నేనూ, రాయచోటి నుంచి వచ్చిన ముసలి మెకానిక్కూ. ఆయన్ను నేను మామా అనేవాణ్ని.

వారం తిరక్కముందే ఒక ఆఫీసరు జీపులో నలుగురు సిపాయిలతో దిగాడు. షెడ్డంతా కలయదిరిగి, పొడుగు మూతి ఉన్న పాత అమెరికా కారు ముందు ఆగాడు. వాళ్ల నోట ఇండియావాడెవడైనా హిందీయే.

"హిందీ, దీన్ని పెట్టెలో పెట్టు. బస్రా పోవాలి. నువ్వే నడుపు. రేపటి నుంచి మిగతావి."

కఫీల్ మీద నాకేమీ ప్రేమ లేదు. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది రెండు సార్లో మూడు సార్లో. కానీ ఆ కారును తాళ్లతో కట్టి, గుడ్డతో తుడిచి, గీత పడకుండా నాలుగేళ్లు మోసింది నేను. నా పనితనంతో దొంగతనం చేయించడానికి వాడెవడు? ఏ ఒక్క కారూ నా చేతి మీదుగా సరిహద్దు దాటకూడదని అక్కడే నిశ్చయించుకున్నాను.

"తాడు తెగితే తలకాయలు లేస్తాయి, దూరంగా ఉండండి సీదీ" అన్నాను. ఆఫీసరూ సిపాయిలూ షెడ్డు బయట నీడకు పోయి కూర్చున్నారు. నేను కారును తిప్పి, తోక ముందుగా లోపలికి లాగడం మొదలుపెట్టాను. మామ పక్కకు వచ్చి గొణిగాడు.

"ఏం అబ్బీ, మూతి వెనక్కి పెడతాండావే? మతి పోయిందా?"

"మతి ఉండే పెడతాండా మామా. బరువు వెనక పడితే పెట్టె తోకాడిస్తాది. నలభై దాటి పోలేము. నాలుగు గంటలు పాకితే వాడే ఇసుగుపుట్టి వదిలేస్తాడు."

"ఇది యాడ సదివినావు?"

"లైబ్రరీలో."

"నీ లైబ్రరీ తగలెయ్య! సచ్చేది నువ్వే కదరా."

"సస్తే నేనొక్కణ్నే సస్తా, నువ్వు యాల ఏడుస్తావు?"

మామ కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత మూలనున్న తుప్పు పట్టిన పాత ఇంజను వైపు చూశాడు.

"మొత్తానికి సచ్చేదానికే అయితే సగం సగం యాల? అది గూడా తోద్దాం పా."

ఇద్దరం దాన్ని గొలుసుతో లేపి తలుపు దగ్గర కారు మూతి కింద ఇరికించాం. తలుపులు మూశాం. మూసిన పెట్టె గొప్పతనం అదే, బయటివాడికి లోపలి సంగతి తెలియదు.

జీపు ముందు పోయింది. ఆఫీసరు నా పక్కన కూర్చున్నాడు. బస్రా వైపు పోయే జహ్రా రోడ్డు మీద నలభైలో పోతున్నాను.

"యల్లా! గాడిద ఇంతకంటే జోరుగా పోతుంది" అన్నాడు.

"పెట్టె బరువు సీదీ. ఇంతే పోతుంది."

పిస్తోలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "తొక్కు."

తొక్కాను. అరవై దగ్గర పికప్ వెనక భాగం దూదిలా తేలికైంది. నా తప్పు అప్పుడు అర్థమైంది. లెక్క వేసుకున్నది కారుకే, మామ ఇంజనుకు కాదు. పెట్టె హుక్కును పైకి ఎత్తేస్తోంది, పికప్ వెనక చక్రాలకు నేల పట్టు దొరకడం లేదు. అద్దంలో పెట్టె ఒకసారి ఎడమ పక్క కనబడింది, మరుక్షణం కుడి పక్క. అలాంటప్పుడు బ్రేకు తొక్కకూడదు, కాలు తీసి స్టీరింగు తిన్నగా పట్టుకోవాలి. అలాగే పట్టుకున్నాను. కానీ ఆఫీసరు కేక వేసి స్టీరింగు మీద పడ్డాడు.

ఢామ్మని హుక్కు విరిగింది. పెట్టె రోడ్డు దిగి పక్కకు ఒరిగి ఇసుకలో పడింది. పికప్ గిర్రున తిరిగి వచ్చిన దారికి ఎదురుగా నిలబడింది. దాని ఇంజను మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

ఇద్దరం దిగాం. పెట్టె తలుపు ఊడిపోయింది. కారు మూతి నుజ్జయింది, దాని మీద మామ ఇంజను కూర్చుని ఉంది.

"ఇదేంటి?" అన్నాడు ఆఫీసరు.

"స్పేర్ సీదీ. పాత కారు కదా, కావాల్సి వస్తుందని."

చెంప మీద కొట్టాడు. వెనక్కి వచ్చిన జీపులోంచి ఒక సిపాయి దిగి తుపాకీ మడమతో వీపు మీద రెండు వేశాడు. పికప్ వాళ్లే తీసుకుని నన్ను ఆ ఎండలో వదిలేసి పోయారు. చాలా దూరం నడిచాక ఒక నీళ్ల ట్యాంకరు ఎక్కించుకుని షెడ్డు దగ్గర దింపింది.

మర్నాడు వాళ్లు తమ లారీలతో వచ్చి మిగతా కార్లన్నీ ఎత్తుకుపోయారు. తాళ్లు కట్టమన్నారు. చేయి బెణికిందన్నాను. మళ్లీ కొట్టారు. కట్టలేదు.

ఎంబసీ ఇచ్చిన కాగితాలతో మామా నేనూ ఎలాగో జోర్డాన్ చేరి ఇళ్లకు పోయాం. యుద్ధం ముగిశాక కఫీల్ కబురు పెడితే నేనొక్కణ్నే తిరిగి వచ్చాను. ఇసుకలో దొరికిన ఆ కారును షెడ్డులోకి తెచ్చి పెట్టాడు.

"దీన్ని ఎవరు పాడు చేశారు?"

"నేనే బాబా." జరిగిందంతా చెప్పాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "తీసుకుపోనిస్తే ఎక్కడో ఒక చోట చెక్కుచెదరకుండా ఉండేది కదా! వెతుక్కునేవాణ్ని. నీకెవరు చెప్పారు ఇలా చేయమని?"

"ఎవరూ చెప్పలేదు. కారు మీదే బాబా. దాన్ని మోసేది నేను. దొంగకు మోయను. రేపు ఇంకో దొంగ వచ్చి ఎక్కించమన్నా మూతి వెనక్కే పెడతాను."

ఆయన షెడ్డు తాళాలు బల్ల మీద విసిరి బయటికి పోయాడు. నేను ఆ తాళాలు జేబులో వేసుకుని, గుడ్డ తీసుకుని, నుజ్జయిన మూతి మీది ఇసుక తుడవడం మొదలుపెట్టాను.