ఏడవని బిడ్డ

ఈ రోజు చింతామణి ఆసుపత్రిలో పిల్లల వరుస వాకిలి దాటిపోయింది. వరుస చెడకుండా చూడడం నర్సుగా నా పని. ముందున్న పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారు. చివర బట్లహళ్ళి నుంచి వచ్చినామె, ఒళ్లోని బిడ్డకు మొహం నిండా తువ్వాలు కప్పి కూర్చుంది.

“మొగం చూపించమ్మా,” అన్నాను.

“ఇంతమందిలో దిష్టి తగుల్తాదమ్మా. పొద్దన్నుంచీ వాంతులు, బేదులు. ఇప్పుడే పండుకొనుండాడు.”

తువ్వాలు నేనే లాగేశాను. కళ్లు గుంటలు పడ్డాయి, గిల్లినా కదల్లేదు. బిడ్డనెత్తుకుని డాక్టరు గదిలోకి పరుగెత్తుతుంటే వరుసంతా నన్ను తిట్టింది. సెలైన్ ఎక్కించాక, సాయంత్రానికి వాడు ఏడ్చాడు.

రేపటి నుంచి ఏడవని బిడ్డనే ముందు చూస్తాను. తిట్టేవాళ్లు తిట్టండి, కానీ మీ బిడ్డ మొహం మీది తువ్వాలు తీసి తిట్టండి.