నడుములో దోపిన ట్యాగు

పలాసలో మా జీడిపప్పు ఫ్యాక్టరీలో ఎవరు ఎక్కడున్నారో చూపించే చుక్కల్ని కంప్యూటర్లో చూడడం నా ఉద్యోగం. నాతో సహా ఆడవాళ్లందరికీ మెడలో వేసుకోమని అగ్గిపెట్టెంత ట్యాగు ఇచ్చారు. దాని సిగ్నలు గోడలకున్న రిసీవర్లలో దేనికి గట్టిగా అందితే మనిషి ఆ పక్కన ఉన్నట్టు లెక్క. సెలవు రోజున ఖాళీ హాల్లో సుద్దతో గళ్లు గీసి, ట్యాగు చేత్తో పట్టుకుని, ప్రతి గడిలో నిలబడి సిగ్నలు కొలిచింది నేనే. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పని. ఇష్టంగా చేశాను.

ఒక మధ్యాహ్నం స్టోరులో పప్పు డబ్బా ఒకటి కనిపించలేదు. సూపర్‌వైజరు హాలు మూల నా కుర్చీ వెనక నిలబడి తెర చూశాడు. పన్నెండో నంబరు చుక్క స్టోరు మధ్యలో ఉంది. ఆ నంబరు పూండి నుంచి రైల్లో వచ్చే, నేను అక్కలా అప్పా అని పిలిచే ఒకామెది. స్టోరు గోడకు వీపు పెట్టి కూర్చుని చేతి మెషీను మీద జీడిపిక్కలు కొడుతుంది.

అతను వెళ్లి ఆమెను జుట్టు పట్టి లేపాడు.

"స్టోరులో ఏటే పని నీకు?"

"నానెందుకెల్తాను బావూ? పొద్దున్నుంచి ఈడే కూకున్నాను. కదల్నేదు!"

"కంప్యూటరు అబద్దమాడతాదేటి?"

చెంప మీద కొట్టాడు. రెండో దెబ్బకు ఆమె మొహం మెషీను ఇనప పిడికి తగిలి పెదవి చీలింది. రక్తం తెల్లటి పప్పు మీద చిందింది. కింద పడ్డాక నడుము మీద తన్నాడు.

"దొంగదానివని ఊళ్లో ఫ్యాక్టరీలన్నిటికీ సెప్తాను. ఎవడు పని ఇత్తాడో సూత్తాను!"

పైట తొలగినప్పుడు చూశాను. ట్యాగు మెడలో లేదు, వెనక నడుము దగ్గర చీరలో దోపి ఉంది. జీడి నూనె అంటిన తాడు మెడను కాలుస్తుందని అందరూ అలాగే దోపుకుంటారట. హాలు రిసీవరుకు ఆమె ఒళ్లే అడ్డం. గోడ అవతలి స్టోరు రిసీవరుకు మాత్రం సిగ్నలు సూటిగా వెళ్తోంది.

లేచి వాళ్ల దగ్గరికి వెళ్లాను. నా ట్యాగు తీసి వెనక నడుములో దోపుకుని ఆమె పీట మీద కూర్చున్నాను. తెర వైపు వేలు చూపించాను. నా చుక్క స్టోరులోకి వెళ్లిపోయింది. అతను నా మీదికి చెయ్యెత్తాడు.

"ఓలమ్మా! ఈ గుంటని కూడా కొడతావేటి బావూ?" అంది పక్క పీట ముసలమ్మ.

ఎత్తిన చెయ్యి దించి అతను బయటికి పోయాడు.

కుళాయి దగ్గర ఆమె రక్తం కడుక్కుంటోంది. "తప్పు నాది అప్పా. చేత్తో పట్టుకుని కొలిచాను" అన్నాను. లాగి ఒక్కటిచ్చింది. చెవి గింగిర్లెత్తింది.

"మల్లీ కొలు. ఈపాలి మమ్మల్ని కూకోబెట్టి కొలు."

మర్నాడు హాలు నిండా మనుషులుండగా, ట్యాగులు నడుముల్లో ఉండగా, పీట పీటకీ కొలిచాను. ఆమె కుట్లు వేసిన పెదవితో మాటిమాటికీ కేకేసింది.

"నా సుక్క ఏడుందే?"

"నీ పీట మీదే ఉందప్పా!" సూపర్‌వైజరుకు వినపడేలా నేనూ అరిచాను.