పారాయణ ఆపినందుకు కాదట
నూజివీడు దగ్గర మాకు మామిడితోట ఉంది. నిరుడు వేసవిలో, ఐదో నెల కడుపుతో, మా సత్సంగం వాళ్లతో కలిసి సప్తాహ పారాయణకు కూర్చున్నాను. వారం రోజులూ మధ్యలో ఆపకూడదు. కానీ గాలివానకు కాయలన్నీ రాలిపోతుంటే, పుస్తకం మూసి తోటలోకి పరుగెత్తాను. ఆ తర్వాత కొద్ది రోజులకే కడుపులో బిడ్డ పోయింది.

"సప్తాహం మధ్యలో లేస్తారటే ఎవరైనా? స్వామికి కోపం రాదూ!" అన్నారు మా అత్తగారు. నేనూ అదే నమ్మాను. మళ్లీ సప్తాహం చేసి క్షమాపణ కోరుకుందామనుకున్నాను.

పోయిన బిడ్డకు చేయించిన పరీక్షల రిపోర్టు చూసి విజయవాడలో డాక్టరమ్మగారు వివరించారు.

"కణం రెండుగా విడిపోయే ముందు ప్రతి క్రోమోజోముకీ నకలు తయారవుతుందమ్మా. లేకపోతే రెండు కణాలకూ పూర్తిగా అందవు కదా. అండం తయారయ్యేటప్పుడు నకళ్లు బాగానే వచ్చాయి. పంపకంలోనే ఒకటి ఎక్కువ పడింది. అందుకే బిడ్డ నిలవలేదు."

"నేను పారాయణ ఆపినందుకేనాండీ?"

"మీ గాలివానకు ఎన్నో నెలల ముందే జరిగిపోయిందమ్మా అది. ఇందులో మీ తప్పేం లేదు."

పక్కన కూర్చున్న మా ఆయన ఊపిరి పీల్చుకున్నారు. నేను మాత్రం ఆసుపత్రిలో అందరి ముందూ భోరున ఏడ్చేశాను. తప్పు నాదైతే స్వామి పాదాలు పట్టుకుని క్షమించమని అడిగేదాన్ని. ఇప్పుడు దేనికని పట్టుకోను? రోజూ దీపం పెడుతూనే ఉన్నాను. చేతులు జోడించాక మాత్రం నోట మాట రావడం లేదు.