అరవై ఒక్క ఓట్ల పాట

“బూతెక్కడుందో చూపించండమ్మా. వేలు పెట్టి చూపించండి. ఒక్క మాట చూపించినా ఇప్పుడే కొట్టేస్తాను.”

“బూతు లేదు సార్. ఉంటే నాకింత భయం వేసేది కాదు.”

ప్రిన్సిపాల్ గది తలుపు ఓరగా వేసి ఉంది. బయట వరండాలో సౌండు సెట్టు అబ్బాయి వైరు చుట్ట భుజాన వేసుకుని నిలబడ్డాడు. మర్నాడు సాయంత్రం పెద్ద తరగతుల పిల్లల డాన్సు. స్పీకర్లు అతనివే. వెయ్యాల్సిన పాటల జాబితా తీసుకుందామని వచ్చి, లోపల రగడ జరుగుతుంటే ఆగిపోయాడు. పెద్దవాళ్ల గొడవ తలుపు సందులోంచి వినడం మర్యాద కాదని అతనికి తెలుసు. కానీ ఆ రెండో గొంతు లైబ్రరీ మేడందని పోల్చుకున్నాక కాళ్లు కదల్లేదు.

ఆ స్కూల్లో చదివినవాడెవడికైనా ఆ గొంతు గుర్తుంటుంది. ఇరవై రెండేళ్లుగా అక్కడ లైబ్రరీ గుమాస్తా. మూడు నెలలు సెలవు పెట్టినవాళ్లెవరికో బదులుగా వచ్చింది. సెలవు పెట్టినవాళ్లు తిరిగి రాలేదు, ఈవిడ తిరిగి వెళ్లలేదు. సన్నగా, నిటారుగా, బీరువాల మధ్య ఇంకో బీరువాలా ఉంటుంది. కళ్లజోడుకి కట్టిన నల్లదారం మెడలో వేలాడుతుంటుంది. చినిగిన పుస్తకాలు అతికించీ అతికించీ వేళ్ల చివర్లు ఎప్పుడూ జిగురు ఎండి తెల్లగా ఉంటాయి. పిల్లలు ముందర మేడం అంటారు, వెనకాల కత్తెరమ్మ అంటారు. డాన్సులో ఏ పాట ఉండాలో ఏది పోవాలో తేల్చేది ఆవిడే మరి. ఎప్పుడో పాత ప్రిన్సిపాల్ ఆ పని టీచర్లకి అప్పజెబితే ఒకరి మీదికి ఒకరు నెట్టేసుకున్నారు. పిల్లల చేత తిట్లు తినే పని ఎవరిక్కావాలి? చివరికి తెచ్చి లైబ్రరీ గుమ్మంలో పడేశారు. ఆవిడ కిక్కురుమనకుండా తీసుకుంది.

తమాషా ఏమిటంటే ఆవిడకి పాటలంటే పెద్ద ఇష్టం లేదు. సైకిల్ రిపేరు షాపు మీద రెండు గదుల్లో అక్కతో కలిసి ఉంటుంది. ఆ ఇంట్లో రేడియో కూడా లేదు. అక్కకి చెముడు, చెల్లెలికి విసుగు. అలాంటి మనిషి ఏటా నెల రోజులు పాటల మధ్య కూర్చుంటుంది.

మొదటి రెండేళ్లూ ఆవిడా అందరిలాగే పాటలు కాగితం మీద రాయించుకుని, పెన్సిలు పట్టుకుని, పిచ్చి మాటలకి గీత కొట్టింది. రెండో ఏడు డాన్సు అయిపోయి తాళాలు వేస్తుంటే, బాత్రూములో గడియ పెట్టుకుని కూర్చున్న ఆడపిల్ల ఒకతి కనబడింది. ఆ సాయంత్రమంతా అక్కడే కూర్చుందట. ఆ పిల్లని హాల్లోంచి తరిమిన పాట ఆవిడ తన చేత్తో పాస్ చేసిందే. గీత కొట్టాల్సిన మాట అందులో ఒక్కటి లేదు.

ఆ తర్వాత ఆవిడ కాగితాలు మానేసింది. డాన్సుకి నెల ముందు నుంచీ, మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లల్ని ఇరవై మంది చొప్పున లైబ్రరీకి పిలిచి పుస్తకాలకి అట్టలు వెయ్యమంటుంది. మూలన చిన్న స్పీకర్లో పాటలు నడుస్తుంటాయి. వెనక నిచ్చెన మెట్టు మీద కూర్చుని ఆవిడ పాట వినదు, పిల్లల్ని చూస్తుంది. ఏదో ఒక పాట దగ్గర చేతులన్నీ ఆగుతాయి. ఒక్క తల వంగుతుంది. మిగతా తలలన్నీ దాని వైపు తిరుగుతాయి. అంతే, ఆ పాట పోయినట్టే. ఎందుకు పోయిందో ఏనాడూ చెప్పలేదు. చెబితే వంగిన తల ఎవరిదో బడంతా తెలిసిపోతుంది. అందుకని తిట్లన్నీ తనే తింది. ఓర్వలేనిది, పిల్లలు నవ్వితే కడుపుమంట, ఒంటి బతుకు బతికేదానికి సరదా ఏం తెలుసు, ఇంకా చాలా.

ఆ తిట్లలో సగం సౌండు సెట్టు అబ్బాయి పుట్టించినవే.

అతని పదో తరగతిలో, అతని గ్యాంగు ఎంచుకున్న పాటని ఆవిడ తీసేసింది. అందులో పాడేవాడు స్టైలు కోసం పల్లవిలో ప్రతి మాటకీ నత్తి పెడతాడు. ఇందులో తప్పేముందని ఇతను ఒంటికాలి మీద లేచాడు. లైబ్రరీ గోడ మీద బొగ్గుతో రాయకూడనిది రాశాడు. ఆవిడ తడిగుడ్డతో తుడుచుకుంది తప్ప ఎవరు రాశారని కూడా అడగలేదు. ఆరేళ్ల తర్వాత, కాలేజీ మధ్యలో వదిలేసి స్పీకర్లు మోసుకుని తిరుగుతున్న రోజుల్లో, బస్టాపులో పాత క్లాసువాడొకడు కలిశాడు. వాడికి నత్తి. ఆ పాట ఉంటుందని డాన్సుకి రావడం మానేద్దామనుకున్నాడట, తీసేశారని తెలిశాకే వచ్చాడట. ఆ నాలుగు మాటలు చెప్పడానికి వాడికి ఎంతసేపు పట్టిందో, అంతసేపూ ఇతని మొహాన నెత్తురుచుక్క లేదు. వాడి పక్కన కూర్చుని రోజూ ఆ పల్లవి పాడింది ఇతనే. బస్సొచ్చింది, వాడెక్కాడు. క్షమించరా అనడానికి ఇతనికి నోరు పెగల్లేదు. ఆ రోజు నుంచీ ఇతనికి తన మీద ఉన్న కోపం ఎక్కడ దింపుకోవాలో తెలియదు.

ఇప్పుడు ప్రిన్సిపాల్ గొంతు వింటుంటే ఎక్కడ దింపుకోవాలో తెలిసింది.

ఈ ప్రిన్సిపాల్ కొత్తగా వచ్చినవాడు. ఒకావిడ ఇష్టాయిష్టాల మీద పాటలు నడవడమేమిటని ఈ ఏడాది పద్ధతి మార్చాడు. పిల్లలు ఓట్లు వేస్తారు. ఎక్కువ ఓట్లు వచ్చిన పాటల్ని కంప్యూటరు సారు మాట మాటా కంప్యూటర్లో వెతుకుతాడు. నూట నలభై చెడ్డ మాటలతో ఒక పట్టిక తయారుచేశారు. వాటిలో ఒక్కటి తగిలినా పాట అవుట్. ‘రాత్రి’ ఉందని చుక్కల మీది పాట ఒకటి పోయింది. ‘మంచం’ ఉందని, జబ్బుపడిన తల్లితో కొడుకు మాట్లాడుకునే పాట పోయింది. ఏనుగుపిల్ల పాట మాత్రం కడిగిన ముత్యంలా బయటికొచ్చింది.

అది పలకా బలపం పిల్లల పాట. ఏనుగుపిల్ల స్నానానికి బయల్దేరుతుంది, అడుగడుక్కీ డోలు దబ్బుమంటుంది. మీసాలు మొలుస్తున్న దున్నపోతులు అరవై ఒక్క మంది ఆ పాటకి ఓటేశారు. అన్నిటికంటే ఎక్కువ ఓట్లు దానికే. ఎందుకేశార్రా అని అడిగిన నాథుడు లేడు. పైగా ప్రిన్సిపాల్ మురిసిపోయి, ఈ కాలం పిల్లల్లో ఇంకా ఇంత పసితనం ఉందని పొద్దుటి ప్రార్థన దగ్గర అందరి ముందూ మెచ్చుకున్నాడు.

తొమ్మిదో తరగతిలో మందుల షాపాయన కూతురు ఉంది. భారీ మనిషి. ఆ పిల్ల క్లాసులోకి వస్తుంటే వెనక బెంచీల మీద అడుగుకో దబ్బు పడుతుంది. నోరెవడూ విప్పడు. టీచరు ఇటు తిరిగేలోపు చేతులన్నీ పుస్తకాల మీదుంటాయి. అదే దబ్బుని రేపు హాల్లో నాలుగు స్పీకర్లలో మోగించడానికి స్కూలే దగ్గరుండి ఏర్పాటు చేసింది. ఇదంతా సౌండు సెట్టు అబ్బాయికి తర్వాత తెలిసింది. అప్పటికి అతను విన్నది ఇంతే.

“ఎవరా పిల్ల? పేరు చెప్పండి, పిలిచి అడుగుదాం” అన్నాడు ప్రిన్సిపాల్.

“చెప్పను సార్. పిలిచి అడిగితే ఏం లేదంటుంది. గది దాటేలోపు ఇంకో పాతికమందికి తెలుస్తుంది.”

లోపలే కూర్చున్న కంప్యూటరు సారు మెత్తటి మనిషి. ఎవరి మనసూ నొప్పించడు, ఎవరి పక్కనా నిలబడడు. “ఇలా చూసుకుంటూ పోతే ఏ పాటా మిగలదు మేడం. ఏదో ఒకటి ఎవరికో ఒకరికి గుచ్చుకుంటూనే ఉంటుంది కదా” అన్నాడు.

“గుచ్చుకోవడం వేరు, పట్టుకుని గుచ్చడం వేరు. ఏనుగు మీద నాకేం కోపం సార్? చిన్నపిల్లలు పాడుకుంటే చప్పట్లు కొడతాను. ఇక్కడ అరవై ఒక్క మంది కలిసి ఒక సూది కొనుక్కొచ్చారు. మీరు దాన్ని తిప్పి చూసి, తుప్పు లేదని సర్టిఫికెట్టు ఇచ్చారు.”

ఎద్దు పుండు కాకికి ముద్దా? ప్రిన్సిపాల్ కాగితాలు సర్దుకుంటున్న చప్పుడైంది. ఆయన గొంతులో కోపం కూడా లేదు, ఇంటికెళ్లే టైమైందన్న ధోరణి.

“అంత ఇబ్బందైతే ఆ పిల్లెవరో రేపు రాకుండా ఉంటే సరిపోతుంది. డాన్సేం తప్పనిసరి కాదుగా.”

ఆవిడ అరుస్తుందనుకున్నాడు వరండాలో అబ్బాయి. అరిచి ఉంటే బాగుండేది.

“కొట్టేవాళ్లు లోపలుండాలి, దెబ్బలు తినేది ఇంట్లో ఉండాలి. మంచి పద్ధతే సార్. మీ నూట నలభై మాటల్లో ఈ మాట కూడా వేసుకోండి. నేనిన్నేళ్లలో ఈ బడిలో ఇంత చెడ్డ మాట వినలేదు.”

కుర్చీ వెనక్కి జరిగింది. ఇప్పుడొచ్చింది ఆయనకి కోపం. రేపు సాయంత్రం ఆవిడకి డ్యూటీ లేదన్నాడు. టీచర్లు, పిల్లలు, సౌండువాళ్లు తప్ప హాల్లోకి ఎవరూ అడుగు పెట్టరన్నాడు. ఆవిడ ఆ వైపు కనబడితే కాగితం మీద జవాబు చెప్పుకోవాల్సి వస్తుందన్నాడు. ఆవిడ తలుపు తీసుకుని బయటికొచ్చి, ఎదురుగా నిలబడ్డ అబ్బాయిని చూసి కూడా చూడనట్టే వెళ్లిపోయింది.

అతను లోపలికెళ్లి జాబితా తీసుకున్నాడు. ఏనుగుపిల్ల పాట ఏడోది. ఉన్నవి ఉన్నట్టు వెయ్యాలి, వరుస మారకూడదు, ఒక్కటి తగ్గకూడదు అన్నాడు ప్రిన్సిపాల్. అతను సరే సార్ అన్నాడు. ఆ ‘సరే’ నాలుక మీద వేపాకులా ఉండిపోయింది. నాలుగు మాటలు అనేద్దామని లోపలికెళ్లినవాడు, కుర్చీ కనబడగానే పదో తరగతి పిల్లాడైపోయాడు. తనని తాను తిట్టుకుంటూ లైబ్రరీకి నడిచాడు.

ఆవిడ బల్ల దగ్గర కూర్చుని అట్ట ఊడిన పుస్తకానికి జిగురు రాస్తోంది. రాయడం కాదది, బాదడం. బ్రష్షు వెంట్రుకలు విచ్చుకుని పేజీల మీద అంటుకుంటున్నాయి.

“విన్నావా?” అంది తలెత్తకుండా.

“విన్నాను మేడం.”

“ఇరవై ఏళ్లలో ఎన్ని పాటలు తీసేశానో, ఎందుకు తీసేశానో ఎక్కడా ఒక్క ముక్క రాసిపెట్టలేదు. రాసుంటే ఇవాళ ఆయన మొహాన పడేసేదాన్ని. కానీ రాసుంటే ఎవడో ఒకడు చదివేవాడు, ఆ పేర్లన్నీ గోడలెక్కేవి.” బ్రష్షు విసిరింది. అది బీరువాకి తగిలి కింద పడింది. “రుజువుల్లేని పని చేశాన్రా. నేను మంచిదాన్నని చెప్పడానికి కూడా రుజువు లేదు.”

గోడ మీద రాతల సంగతి చెప్పేద్దామని అతను నోరు తెరిచాడు. ఇల్లు కాలుతుంటే తన చేతి బొబ్బ చూపించుకున్నట్టు ఉంటుందనిపించి మూసుకున్నాడు. దానికి బదులు, రేపు ఆ పాట వెయ్యనని చెప్పాడు. ఫైలు పాడైందంటాను, వైరు తెగిందంటాను, ఏదో ఒకటి అంటాను అన్నాడు.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. పాట ఆపేస్తే వాళ్లు నోటితో అందుకుంటారని చెప్పింది. పాటైతే మూడు నిమిషాల్లో అయిపోతుంది, అరవై నోళ్లకి స్విచ్చెక్కడుంది? పైగా ఎందుకు ఆగిందని ఆరా తీస్తారు, ఎవరి కోసం ఆగిందో తేలుస్తారు. నెల ముందు తీసేసిన పాట వేరు, మధ్యలో తెగిన పాట వేరు అంది.

“పోనీ ఆ పిల్లతో రేపు రావద్దని…”

అతని మాట పూర్తి కాలేదు.

“నువ్వూ ఆయనలాగే మాట్లాడితే పళ్లు రాలగొడతాను. ఎందుకు రాకూడదు? నిన్న ఇక్కడికొచ్చి, కొత్త బట్టలు కుట్టించుకున్నాను మేడం, నేనూ వస్తున్నాను అని చెప్పింది. దానికి తెలుసురా ఆ పాట ఉందని. జాబితా నోటీసు బోర్డు మీద చూసే వచ్చింది. అంత తెలిసీ వస్తానంది.” కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడిచింది. అద్దాలకి జిగురంటి ఇంకా మసకబారాయి. “వస్తానన్న పిల్ల వచ్చాక, ఆ డోలు మొదలయ్యే టైముకి పక్కన పెద్ద మనిషి ఒకరైనా ఉండాలా వద్దా? టీచర్లు గోడవారన కుర్చీల్లో కూర్చుంటారు. లేచి వచ్చేవాళ్లెవరో నాకు తెలుసు. ఎవరూ రారు.”

ఆయన రానివ్వనన్నాడుగా అన్నాడతను.

“సౌండువాళ్లని రానిస్తారుగా” అంది ఆవిడ.

అతనికి ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.

“రేపు నన్ను నీ మనుషుల్లో ఒకదాన్నని చెప్పి లోపలికి తీసుకెళ్లు. పెట్టె మొయ్యమంటే మోస్తాను. ఆరు పాటలయ్యేదాకా నీ వెనకే ఉంటాను, ఏడోదానికి వెళ్లి ఆ పిల్ల పక్కన నిలబడతాను. డాన్సు నాకు రాదు, అయినా చేస్తాను. నవ్వితే నన్ను చూసి నవ్వనీ.” కళ్లజోడు పెట్టుకుని మొదటిసారి అతని మొహంలోకి సూటిగా చూసింది. “ఆయన గుర్తుపడతాడు, పట్టకుండా ఉండడు. నన్ను బయటికి నడవమంటాడు. అప్పుడు నువ్వు, ఈవిడ పోతే నా స్పీకర్లూ పోతాయి సార్ అనాలి. అందరి ముందూ అనాలి, ఆయన కుర్చీ దగ్గరికెళ్లి అనాలి. ఆ ఒక్క మాట నా కోసం అంటావురా?”