మానుకోట ఆకలి

మిలిటరీ నుంచి వచ్చినవాడు కనబడితే మన జనానికి రెండే ప్రశ్నలు. క్యాంటీన్ సీసా ఒకటి ఇప్పిస్తావా అన్నది మొదటిది. ఎంతమందిని కాల్చినవ్ అన్నది రెండోది. మొదటిదానికి సమాధానం సులువు. లేదు అంటే చాలు, ఆ మనిషి మనతో మాట్లాడటం మానేస్తాడు, పీడ విరగడవుతుంది. రెండోదానికి నిజం చెబితే ఎవడూ నమ్మడు. నేను ఎక్కువగా కాల్చింది పొయ్యిలో కట్టెలు, కాళ్లకు పట్టిన జలగలు అని చెబితే పగలబడి నవ్వేవారు. అట్లా నవ్వించడం అలవాటై అదే నా రెండో కొలువైంది.

మా ఊరు లింగాల ఘనపూర్ పక్కన. పింఛను మీద వచ్చాక కొన్నేళ్లు భూపాలపల్లిలో ఒక బొగ్గు బావి గేటు దగ్గర సెక్యూరిటీగా పనిచేశాను. షిఫ్టు దిగి పైకి వచ్చిన కార్మికులు, కళ్లు తప్ప మిగతాదంతా నల్లగా, గేటు పక్క చాయ్ బండి దగ్గర ఆగేవారు. "అన్నా, ఒకటి ఇడువరాదె" అనేవారు. నేను ఒకటి విడిచేవాణ్ణి. మా వంటవాడి పప్పులో పప్పు కోసం గాలింపు దళాన్ని పంపిన కథ, పెద్ద సాబు వస్తున్నాడని రోడ్డు పక్క రాళ్లన్నిటికీ స్నానం చేయించి ఎండలో ఆరబెట్టిన కథ. పొద్దంతా భూమి అడుగున ఉండి వచ్చినవాళ్లు ఆ కథలకు కడుపు పట్టుకొని నవ్వుతుంటే నాకు జీతం అందినప్పటికంటే సంతోషంగా ఉండేది. వాళ్లలో బాగా చదివే అలవాటున్న ఒకాయన ఇవన్నీ కాగితం మీద పెట్టమని వెంటపడ్డాడు. పెట్టాను. ఒక పత్రిక తన జిల్లా పేజీలో వేసుకుంది. ఆదివారం ఆదివారం వేస్తూనే ఉంది.

మొదట్లో ఆ పత్రికవాళ్లు నా సిపాయిల మాటలను సబ్బు పెట్టి కడిగేవారు. మానుకోట సిపాయి "ఏంది సాబ్" అంటే "ఏమిటండీ" అని అచ్చువేశారు. ఫోన్ చేసి నాలుగు తిట్లు తిట్టాక మానేశారు. మన మాటను సినిమాల్లో వెక్కిరించింది చాలదా, నా చేతుల మీదుగా కూడా వెక్కిరించాలా?

జనగామలో ఇల్లు కట్టుకొని స్థిరపడేసరికి నాకు కొంచెం పేరు వచ్చింది. ఒకసారి పాలకుర్తి ఆటోలో పోతుంటే పక్కనున్న మనిషి ఫోన్‌లో నా రచన గట్టిగా చదువుతున్నాడు. నేనే రాశానని అతనికి తెలియదు. చదువుతూ చదువుతూ, నేను రాయని రెండు అబద్ధాలు తనే కలిపాడు. అవి నావాటికంటే బాగున్నాయి. నాకు కోపం వచ్చింది, తర్వాత వాటిని వాడుకున్నాను.

నా రచనలన్నిటిలో ఒక మనిషి తప్పకుండా ఉండేవాడు. వాడి పేరు మానుకోట. మహబూబాబాద్‌ను మా వైపు ఇప్పటికీ మానుకోట అనే అంటారు. పల్టన్‌లో తెలుగువాళ్లం ఇద్దరమే ఉన్న రోజుల్లో ఒకరినొకరం ఊరి పేరుతో పిలుచుకున్నాం. నేను వాడిని మానుకోట అనేవాణ్ణి, వాడు నన్ను జనగామ అనేవాడు. మద్రాసు ముఖమైనా చూడని మా ఇద్దరినీ మిగతావాళ్లంతా మద్రాసీ అనేవారు. వాడికి లేచినప్పటి నుంచి ఆకలే. రొట్టె తింటూ మళ్లీ రొట్టె ఎప్పుడని అడిగేవాడు. కాపలాలో నిలబడి తుపాకీ ఎటువైపు పెట్టాలో మరిచిపోయేవాడు గానీ, లంగర్ వంటింటి పొగ ఎటు నుంచి వస్తోందో మరిచేవాడు కాదు.

జనం బాగా నవ్వింది చింతకాయ తొక్కు కథకు. వాళ్ల అమ్మ దంచి పంపిన తొక్కు డబ్బాను వాడు ట్రంకు పెట్టెలో బూట్ల కింద దాచేవాడు. తనిఖీలో సాబు ఆ పెట్టె తెరిపించాడు. వాసనకు వెనక్కి జరిగాడు. ఇదేమిట్రా అని హిందీలో గర్జించాడు. "దవా సాబ్" అన్నాడు మానుకోట, కళ్లార్పకుండా. ఏ రోగానికి దవా అని సాబు అడిగాడు. "మన లంగర్ పప్పుకు సాబ్." డబ్బా జప్తు అయ్యింది. మానుకోట వీపున ఇసుక మూట కట్టుకొని మైదానం చుట్టూ పరుగెత్తాడు. వారం తిరగకముందే సాబు దగ్గర పనిచేసే సిపాయి మెల్లగా మా బారకుకు వచ్చి, ఆ దవా ఇంకేమైనా ఉందా, సాబుది అయిపోయింది అని అడిగాడు. ఇది జరిగిందే. ఉప్పూకారం మాత్రం నేను కొంచెం వేశాను.

మానుకోట బతికి లేడని చదివేవాళ్లకు తెలియదు. నేను రాయలేదు. రాయలేకపోయాను అనడం సరైన మాట. యుద్ధంలో కూడా కాదు. సరిహద్దు కొండల మీద వాడు ఎక్కిన ట్రక్కు లోయలోకి జారింది, అంతే. అది జరిగి చాలా ఏళ్లయినా నా రచనల్లో వాడు ప్రతి ఆదివారం అన్నం అడుగుతూనే ఉన్నాడు. ఒక సభలో నాకు శాలువా కప్పి, వచ్చేసారి ఆ మానుకోట గారిని కూడా పిలుద్దాం అన్నారు. ఆయన లీవులో ఉన్నాడండీ అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికి వచ్చి ఆ శాలువాను మూలకు విసిరికొట్టాను.

మా ఇంటామె ఒకరోజు అననే అంది. "రాసేటప్పుడు నీ మొఖం ఎప్పుడన్న అద్దంల సూసుకున్నవా? సావుకు పోయొచ్చినోని లెక్క ఉంటది. గీ నవ్వులు ఎక్కడికెంచి వస్తయయ్యా?"

ఆ తర్వాత కొద్ది రోజులకే, వానాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం, మానుకోట వాళ్ల అమ్మ మా ఇంటికి వచ్చింది. ఆమె ఇప్పుడు లేదు. ఉంటే ఇది రాసేవాణ్ణి కాదు.

మహబూబాబాద్‌లో ఒక్కతే రైలెక్కి, జనగామలో దిగి, "నవ్విచ్చే మిలిటరాయన ఇల్లేది" అని అడుగుతూ వచ్చిందట. వాడు పోయిన తర్వాత సెలవులో ఒకసారి వాళ్లింటికి పోయాను. అప్పుడామె గోడవైపు తిరిగి పడుకొని ఉంది, ముఖం కూడా సరిగా చూడలేదు. ఇప్పుడు గుమ్మంలో నిలబడ్డ మనిషి పొట్టిగా, ఎండిపోయి ఉంది. కానీ నడుం మీద చెయ్యి పెట్టుకొని నిలబడే తీరు అచ్చం వాడిదే. ఎవరని అడగాల్సిన పని లేకపోయింది.

ఇంటామె నీళ్లిచ్చింది. ఆమె తాగి, చెంబు కింద పెట్టి, మంచం మీద కూర్చోమంటే కూర్చోకుండా నేల మీదే కూర్చుంది. నేనూ ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"మా మనుమరాలు ఫోన్ల నీ కతలు సదివి ఇనిపిస్తది బిడ్డా" అంది. "నా తొక్కు కత గూడ ఇన్న. ఊరంత నవ్వుతాండ్రు. నాకు నవ్వొస్తలేదు. నువ్వు రాసిన అన్నిట్ల నా కొడుకు ఆకలి ఆకలి అంటాండు."

నేను తల వంచుకున్నాను. ఆమె కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

"నువ్వు రాసుడు తప్పని వచ్చిన అనుకోకు. నాకు వేరే ఉంది" అని, తన మనసులో ఇన్నేళ్లుగా ఉన్నదాన్ని చెప్పింది.

మా దిక్కు మనిషి పోయిన మూడోనాడు పిట్టకు పెడతారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, కాటిలో విస్తరి వేసి, దూరంగా జరిగి ఎదురుచూస్తారు. కాకి వచ్చి ముట్టిందా, పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. అప్పుడు ఒక్కొక్కరు ముందుకు వచ్చి, నీ బిడ్డ పెళ్లి మేం చేస్తాం, నీ అవ్వను మేం చూసుకుంటాం అని గట్టిగా మాటిస్తారు. మాట ఇచ్చిన కొద్దిసేపటికి పిట్ట వాలితే అదే ఆ కోరిక అనుకుంటారు.

"నా కొడుకుది మూడోనాడు జాతర లెక్క జేసిండ్రు బిడ్డా. మైకు వెట్టిండ్రు, జీపులేసుకొని లీడర్లొచ్చిండ్రు, పోరగాండ్లు జై జై అని ఒర్రిండ్రు. మిలిటరోడు గదా అని సీసా వెట్టిండ్రు, కోడి వెట్టిండ్రు, పూరీలు వెట్టిండ్రు. నేను సోయిల లేను. వాని నోటికి ఏది ఇష్టమో నన్ను అడిగినోళ్లే లేరు. పొద్దు తిరిగేదాంక సూసిండ్రు. పిట్ట గాదు, ఈగ గూడ వాలలే. చౌరస్తల బొమ్మ వెడ్తమన్నరు, వాలలే. రోడ్డుకు వాని పేరు వెడ్తమన్నరు, వాలలే. ఆఖరికి ఆవుకు వెట్టి చేతులు కడుక్కున్నరు."

మైకులు, జీపులు ఉన్నచోట ఏ పిట్ట వాలుతుంది అని నా నోటిదాకా వచ్చింది. చదువుకున్న మాట అది. ఇన్నేళ్లు మనసులో ఆ విస్తరి ముందే కూర్చున్న తల్లికి అది పనికిరాదు.

"మిలిటరీల తిండికేం కొదువ లేదనుకున్న. నీ కతలు ఇన్నంక నాకు పరేషాన్ మొదలైంది" అని ఆమె నా మోకాలు మీద చెయ్యి వేసింది. "వాడు పోయిన్నాడు నువ్వు పక్కనే ఉంటివట గదా. ఆనాడు వాడు తిన్నడా? ఆకలితోని పోయిండా? గదొక్కటి చెప్పు, నేను పోత."

"వాడా? వాడు ఆకలితో ఉంటే శత్రువు వంటింటి మీదనైనా దాడి చేసేవాడే అవ్వా" అన్నాను. అలవాటైన నోరు. అన్న తర్వాత ఆ నోటిని కొట్టుకోవాలనిపించింది.

"నవ్వియ్యకు కొడుకా" అంది.

చెప్పాను. అబద్ధం చెబుదామనే అనుకున్నాను, ఆ చెయ్యి మోకాలు మీద ఉంటే రాలేదు. ఆ రోజు పొద్దున చలికి వంటింట్లో స్టవ్ అంటుకోలేదు. కింద రోడ్డు మీద మట్టి జారిందని, దాన్ని తీయడానికి ట్రక్కు చెప్పిన వేళకంటే ముందే బయలుదేరింది. మానుకోట బూట్లు వేసుకుంటూ, "జనగామా, నాది తీసిపెట్టురా. వచ్చి తింట" అన్నాడు. స్టవ్ అంటుకున్నాక నేను రొట్టెలు, ఆలుగడ్డ కూర ఒక పళ్లెంలో తీసి, పైన ఇంకో పళ్లెం కప్పి పెట్టాను. మధ్యాహ్నం వైర్‌లెస్‌లో కబురు వచ్చింది.

ఇంటామె తలుపు పక్కన నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఈ పళ్లెం సంగతి ఆమెకూ ఎప్పుడూ చెప్పలేదు. నవ్వులు ఎక్కడి నుంచి వస్తాయని అడిగింది కదా, అక్కడి నుంచే.

ముసలామె ఏడవలేదు. "మరి గా పళ్లెం ఏం జేసినవ్ బిడ్డా?" అని అడిగింది.

ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. విచారణ చేసిన సాబులు ట్రక్కు గురించి అడిగారు, రోడ్డు గురించి అడిగారు, డ్రైవర్ గురించి అడిగారు.

సాయంత్రం ఆ పళ్లెంలోది తినడానికి ఎవరికీ చేతులు రాలేదు. పారేయడానికీ రాలేదు. నేను తీసుకుపోయి ఇసుక మూటల గోడ మీద పెట్టి, కాపలాకు పోయాను. తెల్లవారి వచ్చి చూస్తే పళ్లెం ఖాళీగా ఉంది. నాకు తెలిసింది ఇంతే. అక్కడ వంటిళ్ల చుట్టూ తిరిగే కుక్కలున్నాయి. గాలి కూడా మామూలు గాలి కాదు.

"గోడ మీద పెట్టిన అవ్వా. కాకులొచ్చినయ్" అన్నాను. "ఆడి కాకులకు ముక్కు పచ్చగుంటది, పసుపు రాసినట్టు."

"నువ్వు సూసినవా?"

"సూసిన."

ఆమె మోకాళ్ల మీద ముందుకు జరిగింది. "ముందుగాల ఏది ముట్టినయ్? రొట్టెనా, కూరనా?"

ఎన్నో ఆదివారాలు లేనివి ఉన్నట్టు రాసినవాణ్ణి. ఈ ఒక్క మాట కోసం వెతుక్కోవాల్సి వచ్చింది.

"కూర" అన్నాను.

"ఆలుగడ్డంటె పానం వానికి" అంది ఆమె వెంటనే, ఎన్నాళ్లుగానో ఆ మాట కోసమే చూస్తున్నట్టు. కొంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది. "గట్ల చెప్పు. మేం గింత మందిమి జమై ఈడ ఎదురుసూస్తిమి. వాడు ఆడనే తినిపోయిండు. తిన్నోడు మల్ల ఎందుకొస్తడు?"

చూడలేదవ్వా అని ఆ క్షణంలో చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు, ఆమె బతికున్నన్నాళ్లూ చెప్పలేదు. చేసింది మంచో చెడో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆకలి మీద నేను చెప్పిన అబద్ధాలకు లోకమంతా నవ్వింది. ఈ ఒక్కదాన్ని ఒక తల్లి నమ్మింది.

ఆమె మా ఇంటామె వైపు తిరిగింది. "బిడ్డా, ఇంత బువ్వుంటే పెట్టు. పొద్దటి సంది ఏం తినలే" అంది.

ఇంటామె పళ్లెం తెచ్చింది. ముసలామె మాట్లాడకుండా, తల ఎత్తకుండా, పెద్ద పెద్ద ముద్దలు తిన్నది. పళ్లెం ఖాళీ కాగానే చెయ్యి చాపి ఇంకొంచెం పెట్టమంది. గిన్నె అందుకొని నేనే వడ్డించాను. కొంచెం అన్నం నేల మీద పడింది. ఆమె ఆ మెతుకులను కూడా ఏరుకొని తిన్నది.