మునగాకు పొడి ఎవరి కంచంలోకి

1998 జూన్‌లో నన్ను మొగల్తూరు వైపు పంపారు. అప్పటికి నేను రాజమండ్రిలో ఒక మహిళా కళాశాలలో పోషకాహార శాస్త్రం చెప్పే లెక్చరర్‌ని. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకి రోజూ మునగాకు పొడి పెడితే రక్తంలో యాంటీ ఆక్సిడెంట్లు పెరుగుతాయా, దాంతోపాటు రోగాలను తట్టుకునే శక్తి ఏమైనా మెరుగవుతుందా అని మా విభాగం ఒక చిన్న పరిశోధన తలపెట్టింది. విభాగాధిపతి ప్రధాన పరిశోధకుడు, నేను ఫీల్డ్ సూపర్‌వైజర్‌ని. అంటే కాగితం మీద పథకం ఆయనది, ఎండలో తిరుగుడు నాది.

ఒంట్లో నిత్యం పుట్టే కొన్ని హానికర పదార్థాలను అణిచిపెట్టేవి యాంటీ ఆక్సిడెంట్లు. నెలసరి ఆగి ఈస్ట్రోజన్ తగ్గాక దేహానికి ఉన్న కాపుదల కొంత పోతుంది కాబట్టి, ఆ లోటును ఆకుకూరలతో పూడ్చగలమా అన్నది మా ప్రశ్న. మునగాకును నీడలో ఆరబెట్టి, పొడి కొట్టి, రోజుకొక పొట్లం చొప్పున సముద్రం ఒడ్డున ఉన్న మత్స్యకారుల పేటలో ఇచ్చేవాళ్ళం. పోలిక కోసం పక్క పేటలో అదే వయసు వాళ్ళకి పొడి ఇవ్వకుండా రక్తపరీక్షలు మాత్రం చేసేవాళ్ళం. వారానికోసారి ఖాళీ పొట్లాలు నేనే వెనక్కి తీసుకునేదాన్ని. ఇచ్చింది ఇచ్చినట్టు తిన్నారా లేదా అనే ఈ తనిఖీని మా భాషలో కంప్లయన్స్ అంటాం.

పనిలో భాగంగా నెలకోసారి నరసాపురం నుంచి ఒక లేడీ డాక్టరు వచ్చి ఆ వయసు ఆడవాళ్ళందరినీ చూసేవారు. ఆ రోజు అందరికంటే ముందు వచ్చి కూర్చునేది పోలమ్మ. యాభై దాటిన మనిషి. ఎండు చేపలు నరసాపురం బజారులో అమ్మేది. నెలసరి ఆగినప్పటినుంచి నోటిపూత, మాటిమాటికీ జ్వరం. నోరు విప్పి బేరమాడలేని రోజున ఆమెకి బజారు లేనట్టే.

రెండో విడత రక్తపరీక్షల ఫలితాలు వచ్చాయి. పొడి తిన్న పేటకీ తినని పేటకీ తేడా కనిపించలేదు. మా విభాగాధిపతి జీపులో పేటకి వచ్చి, పొట్లాలు విప్పి ఇసకలో పారబోస్తున్నారని తేల్చేశారు. ఈ పేటను వదిలేసి భీమవరం దగ్గర రైతుల ఊరేదైనా చూద్దామన్నారు. పని మారితే డాక్టరు రావడమూ మారుతుంది. ఆ మాట పోలమ్మ చెవిన పడింది. గంప దించి ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"కాన్పులప్పుడు అందరూ వచ్చేవోరండి. నెలసరి ఆగినాక మాకేం బాధలున్నాయని అడిగింది ఈ డాక్టరమ్మగారొక్కరేనండి. మీరెళ్ళిపోతే ఆవిడా రారు గదండి."

ఆయన జీపు వైపు నడిచారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆయన తీర్పు మీద కొంత, అర్థం కాని ఆ ఖాళీ పొట్లాల మీద కొంత. తర్వాతి రక్తపరీక్ష దాకా గడువు ఇమ్మని అడిగాను. ఇవ్వకపోతే భీమవరానికి ఇంకొకరిని వెతుక్కోమని కూడా చెప్పాను. మొహం చిట్లించినా ఒప్పుకున్నారు.

భోజనాల వేళ ఎవరింటికీ వెళ్ళకపోవడం మాకు అలవాటు. వెళితే వాళ్ళు వడ్డించక తప్పదు, మనం తినక తప్పదు. అందుకే అంతవరకు అందరి ఇళ్ళకీ వాళ్ళు తిన్నాకే వెళ్ళేదాన్ని. ఆ రోజు మర్యాద పక్కన పెట్టి, మధ్యాహ్నం పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా పోలమ్మ ఇంట్లోకి వెళ్ళి కూర్చున్నాను.

ఆమె దాపరికం లేకుండా పొట్లం విప్పి పప్పు గిన్నెలో గుమ్మరించింది. మొగుడికి పెట్టింది, కొడుకులకి పెట్టింది, మనవలకి, కోడలికి, నాకు కూడా పెట్టింది. చివరికి గిన్నెలో అన్నం వేసి, అడుగున అంటుకున్నది తుడుచుకుని తాను తింది. పొట్లం నిజంగానే ఖాళీ. అబద్ధం ఎవరూ చెప్పలేదు. మిగతా ఇళ్ళలోనూ ఇదే తంతు.

అది నీ ఒక్కదానికే ఇచ్చింది కదా అని కాస్త గట్టిగానే అడిగాను.

"మంచిదని మీరే చెప్పారు గదండి. అంత మంచిదయితే పిల్లలకి పెట్టకుండా నేనొక్కదాన్నే తింటే గొంతు దిగుద్దా అండి?" అంది.

పాఠం చెప్పి ఆ గొంతులో దింపగలనని నేను అనుకోలేదు. ఆ పేట ఆడవాళ్ళు ఎవరికీ వడ్డించకుండా తినే పూట ఏదైనా ఉందా అని వెతికాను. ఒకటి ఉంది. పొద్దున చేపలు కోసి ఉప్పు పట్టించి ఎండబెట్టాక, అక్కడే తాటాకు పందిరి కింద కూర్చుని చద్దన్నం తింటారు. అక్కడ మగవాళ్ళుండరు, పిల్లలు బడిలో ఉంటారు. పొడిని మజ్జిగన్నంలో కలుపుకుని అక్కడే తినాలని అడిగాను. పోలమ్మ అందరినీ కూర్చోబెడతానంది గానీ ఒక షరతు పెట్టింది. వాన గాలిలో కూడా ఒంట్లో ఆవిర్లు పుట్టి నేను పమిటతో విసురుకోవడం ఆమె చూసింది.

"మీకూ మాలాగే ఆగిపోయినట్టుంది గదండి. అయితే మీరూ మాతోనే తినాలండి."

కళాశాలలో ఎవరికీ చెప్పని సంగతి అది. సిగ్గు వేసింది, వెంటనే తేలికగానూ అనిపించింది. నా రక్తం లెక్కలోకి రాదు, అంతే తప్ప సూపర్‌వైజర్ తినకూడదన్న నియమం లేదు. మొగల్తూరులో గది తీసుకుని, రోజూ మొదటి ఆటోలో పేటకి వెళ్ళి, వాళ్ళ వరసలో కూర్చుని తిన్నాను. ఎండుచేపల వాసనకు మొదట్లో పమిట ముక్కుకి అడ్డం పెట్టుకునేదాన్ని. తర్వాత ఆకలి వేసేది.

తర్వాతి పరీక్షల్లో తేడా కనిపించింది. రక్తంలో విటమిన్లు, యాంటీ ఆక్సిడెంట్ల శక్తి పొడి తిన్న పేటలో పెరిగాయి. విభాగాధిపతి సంతోషించి, రోగనిరోధక శక్తి కూడా పెరిగిందని రాద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. దాన్ని తేల్చాలంటే ఇంకా ఎక్కువ మంది కావాలి, ఎక్కువ కాలం చూడాలి. పోలమ్మ నోటిపూత తగ్గిన మాట నిజమే గానీ, డాక్టరు ఆమెకి విటమిన్ మాత్రలు కూడా ఇచ్చారు. ఏది పనిచేసిందో నాకు తెలియదు. తెలియనిది రాయనన్నాను. మూడో రోజు ఆయనే ఆ వాక్యం తీసేశారు. పేటను మాత్రం వదల్లేదు, పని ముగిసేదాకా డాక్టరు వస్తూనే ఉన్నారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ ఊళ్ళో పని మొదలుపెట్టినా మొదటి రోజు భోజనాల వేళకే వెళ్ళాను. ఆ ఇంట్లో ఆఖరున తినేది ఎవరో, అప్పటికి గిన్నెలో మిగిలేది ఎంతో చూశాకే పొట్లాలు పంచాను.